వెయ్యేళ్లు కాచిన మూడంచెల కోటగోడ

తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నగరానికి మూడు వైపులా నీళ్లే. దక్షిణాన మర్మరా సముద్రం, తూర్పున బాస్ఫరస్ జలసంధి, ఉత్తరాన గోల్డెన్ హార్న్ పాయ. నేల మీద నడిచి వచ్చే శత్రువుకు దారి పడమర నుంచే. ఆ దారిని మూయడానికి 5వ శతాబ్దపు తొలి ఏళ్లలో లేచినదే థియొడోసియస్ ప్రాకారం. చక్రవర్తి రెండో థియొడోసియస్ అప్పటికింకా బాలుడు. అతని పేరుతో పాలన నడిపిన మంత్రి అంథీమియస్ ఈ పని తలకెత్తుకున్నాడు. 413 నాటికి ప్రధాన గోడ పూర్తయింది. దాని పొడవు సుమారు 5.7 కిలోమీటర్లు.

ఈ రక్షణ అంతా ఒక్క గోడతో కట్టినది కాదు. బయటి నుంచి వచ్చేవాడికి ముందు దాదాపు 20 మీటర్ల వెడల్పున్న అగడ్త అడ్డుపడుతుంది. దాని లోపలి గట్టు మీద పిట్టగోడ, ఆ వెనుక ఖాళీ జాగా. తరువాత బురుజులతో కూడిన బయటి గోడ. దాన్నీ దాటినవాడు రెండు గోడల నడుమ ఇరుకు నేలలో చిక్కుతాడు. ఎదురుగా 12 మీటర్ల ఎత్తు, 5 మీటర్ల మందం ఉన్న లోపలి గోడ, ఇంచుమించు 55 మీటర్లకొకటిగా 96 బురుజులు. వెనుక గోడ ముందు గోడ కన్నా ఎత్తు కాబట్టి రెండు వరుసల విలుకాళ్లూ ఒకేసారి బాణాలు వేయగలరు. అగడ్త ఉన్నంతవరకు చక్రాల మీద దొర్లించే ముట్టడి మంచెలు గోడను చేరలేవు. ఈ ప్రాకారం గొప్పతనం ఎత్తులో కన్నా ఈ అమరికలోనే ఉంది.

కట్టడంలోనూ అంతే ఆలోచన ఉంది. రెండు ముఖాలకూ చెక్కిన సున్నపురాయి పేర్చి, నడుమ రాళ్లూ సున్నమూ కూరారు. కొంత ఎత్తుకొకసారి ఇటుక వరుసలు గోడ మందమంతటా పరిచి రెండు ముఖాలనూ కలిపి బిగించారు. రాతిగోడ మీద ఎర్రటి పట్టీల్లా కనిపించేవి అవే. బురుజులను గోడతో ఏకంగా కట్టకుండా విడిగా లేపారు. పునాది ఒకచోట కుంగినా రెండోది చీలకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. 413 నాటి ఒక శాసనం ఇంకా ఆసక్తికరం: గోడ ఎవరి పొలాల గుండా పోయిందో ఆ యజమానులు బురుజులను వాడుకోవచ్చు, మరమ్మతు భారం మాత్రం వాళ్లదే.

447లో భూకంపం వచ్చి 57 బురుజులు కూలాయి. అటు అట్టిలా నాయకత్వంలో హూణులు బాల్కన్ ప్రాంతాన్ని తగలబెడుతున్నారు. రథపందేల అభిమాన వర్గాలైన నీలివారు, ఆకుపచ్చవారు కూడా పనిలోకి దిగారు. మంత్రి కాన్‌స్టాంటైన్ 60 రోజుల్లో గోడను తిరిగి నిలబెట్టాడు. నగర చరిత్రలో ఇంతటి సమష్టి శ్రమ అరుదు.

626లో అవార్లు, 717–718లో అరబ్బులు ముట్టడించి వెనుదిరిగారు. 1204లో క్రూసేడర్లు నగరాన్ని పట్టుకున్నా, వాళ్లు ఎక్కింది గోల్డెన్ హార్న్ వైపు సముద్రపు గోడను. 1422లో ఒట్టోమన్లు ఫిరంగులు తెచ్చినా ఫలితం దక్కలేదు.

1453 నాటికి ఫిరంగి పెరిగింది, నగరం చిక్కిపోయింది. ఓర్బన్ అనే హంగేరీ లోహకారుడు సుల్తాన్ రెండో మెహమెద్‌కు పోతపోసిన పెద్ద ఫిరంగి అర టన్నుకు మించిన రాతిగుండును విసిరేది. మళ్లీ మందు కూరడానికి గంటలు పట్టేది గనుక పగలు కూలినదాన్ని రక్షకులు రాత్రి మట్టి నింపిన పీపాలతో, దుంగలతో పూడ్చేవారు. రెండు గోడలకూ సరిపడా మనుషులు లేరు. నగరమంతటికీ రక్షకులు సుమారు 7,000 మందే, అందుకే నేల వైపు కాపున్నవారు బయటి గోడ మీదే నిలిచారు. లైకస్ వాగు నగరంలోకి దిగే పల్లంలో గోడ అన్నిటికన్నా బలహీనం. మే 29 తెల్లవారుజామున ఒట్టోమన్ సేనలు అక్కడే లోపలికి చొచ్చుకువచ్చాయి. నగర రక్షణకు నాయకుడైన జెనోవా వీరుడు జుస్టినియాని గాయపడి వెనుదిరగడంతో బారు చెదిరింది. చివరి చక్రవర్తి పదకొండో కాన్‌స్టాంటైన్ ఆ పోరులోనే మరణించాడు.

గెలిచిన సుల్తాన్ గోడను పడగొట్టించలేదు, బాగు చేయించాడు. దక్షిణపు కొసన ఏడు బురుజుల యెదికులె కోటను జత చేశాడు. 19వ శతాబ్దంలో రైలుమార్గం కోసం, 1950లలో వెడల్పాటి రోడ్ల కోసం గోడను అక్కడక్కడా తెగ్గొట్టారు. 1985లో ఇస్తాంబుల్ చారిత్రక ప్రాంతాలతోపాటు ఇది యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పూడిన అగడ్తలో కొన్నిచోట్ల ఇప్పటికీ కూరగాయలు పండిస్తున్నారు.