వచ్చిపోయే ఛార్జింగ్ లోపం: పాత కారులో దాన్ని పట్టుకునే తీరు

పాత కారు ఒక పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టయి, మరో పొద్దున టక్ టక్‌మని ఊరుకుంటే నింద ముందుగా బ్యాటరీ మీద పడుతుంది. కొత్త బ్యాటరీ బిగించాక కూడా నెల తిరగకుండానే అదే తంతు మొదలైతే గాని, ఆ బ్యాటరీని నింపవలసిన ఏర్పాటు వైపు చూపు మళ్లదు. తిరుపతి, చెన్నైల మధ్యనున్న పుత్తూరు లాంటి ఊళ్లకు ఈ సరంజామా పరాయిది కాదు: 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీల కర్మాగారం తిరుపతి పక్కన కరకంబాడిలోనూ, ఆల్టర్నేటర్లు చేసే లూకాస్ టీవీఎస్ చెన్నైలోని పాడిలోనూ ఉన్నాయి. అయినా ఈ లోపాన్ని పట్టుకోవడం కష్టమే, ఎందుకంటే మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి అది మాయమవుతుంది.

మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్‌ను ఇంజను బెల్టు ద్వారా తిప్పుతుంది. అందులో తిరిగే రోటర్ అనే చుట్టకు రెండు కార్బన్ బ్రష్‌లు కొద్దిపాటి కరెంటు అందించి అయస్కాంతంగా మారుస్తాయి; ఆ అయస్కాంతం చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ చుట్టల్లో ఏసీ విద్యుత్తు పుడుతుంది, దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి, ఇంజను ఎంత వేగంగా తిరిగినా వోల్టేజీ హద్దు దాటకుండా రెగ్యులేటర్ రోటర్‌కు వెళ్లే కరెంటును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. 1983 చివర్లో వచ్చిన మారుతి 800 మొదలు ఆ తరం కార్లన్నిటిలోనూ ఏర్పాటు దాదాపు ఇంతే. అంతకంటే పాత అంబాసిడర్లలో మాత్రం అసలు సిసలు డైనమో, దానికి కరెంటు వెనక్కి పోకుండా ఆపే కటౌట్ పెట్టె ఉండేవి, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో చాలినంత కరెంటు ఇవ్వకపోవడం అప్పట్లో లోపం కాదు, దాని స్వభావమే.

లోపం వచ్చిపోవడానికి కారణం సాధారణంగా వేడి, కుదుపు, తుప్పు అనే మూడింటిలో ఏదో ఒకటి. అరిగి పొట్టిగా మారిన కార్బన్ బ్రష్ రోటర్ మీది రాగి రింగును ఒకసారి తాకుతుంది, ఒకసారి తాకదు. చల్లగా ఉన్నప్పుడు సజావుగా పనిచేసే రెగ్యులేటర్, చిత్తూరు వైపు మే నెల ఎండలో బానెట్ కింద అరగంట ఉడికాక చేతులెత్తేస్తుంది. బండి నిలిపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. ఇంజనుకూ బాడీకీ బ్యాటరీకీ మధ్య ఉండే ఎర్తు తీగ కొసన తెల్లటి, పచ్చటి పొడి పట్టినా అంతే. అందరూ మరిచిపోయే ఇంకొకటి డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ దీపం: చాలా పాత కార్లలో రోటర్‌కు తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది కాబట్టి, తాళం తిప్పినప్పుడు అది వెలగకపోతే ఆల్టర్నేటర్ మేల్కొనకపోవచ్చు, లేదా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే మేల్కొనవచ్చు.

కాబట్టి విడిభాగాలు మార్చడం కన్నా ముందు కొలవాలి, అదీ లోపం కనబడే పరిస్థితిలోనే. రాత్రంతా నిలిపిన కారులో నిండు బ్యాటరీ మల్టీమీటర్ మీద దాదాపు 12.6 వోల్టులు చూపాలి, 12.0 దగ్గరుంటే అది ఖాళీ అయినట్టే. ఇంజను ఆన్ చేసి కొద్దిగా రేస్ ఇస్తే 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 13 దాటి ఉండాలి. ఈ పరీక్షను పొద్దున చల్లని ఇంజను మీద చేసి ఊరుకోకుండా, బండి బాగా తిరిగి వేడెక్కాక మళ్లీ చేయడంలోనే కిటుకు ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ కొని పెట్టుకుంటే, ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడో, వానలో వైపర్లు తిరుగుతున్నప్పుడో అంకె 12కు దిగిన క్షణాన్ని డ్రైవరే చూడగలడు.

ఆ తర్వాత తీగల వంతు. ఇంజను నడుస్తూ హెడ్‌లైట్లు వెలుగుతుండగా, మీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ లావు తీగ బిగించిన బోల్టు మీద, రెండో కొసను బ్యాటరీ ప్లస్ మీద ఆనిస్తే తేడా 0.3 వోల్టు దాటకూడదు. ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 దాటకూడదు. దాటితే తప్పు ఆల్టర్నేటర్‌ది కాదు, దారిది. మీటరు చూస్తూ తీగలను ఒక్కొక్కటిగా మెల్లగా కదిలిస్తే అంకె ఎగిరిపడే చోటే దొంగ దాగి ఉంటాడు. తిరిగే బెల్టు దగ్గర మాత్రం చేయి పెట్టరాదు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగిపోతే డైనమో చెడినట్టని తేల్చే పాత అలవాటు మాత్రం మానుకోవలసినదే. డైనమో కాలంలో అది చెల్లిందేమో గాని, ఆల్టర్నేటర్ ఉన్న బండిలో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ డయోడ్లనూ, రెగ్యులేటర్‌నూ, కారులోని కంప్యూటర్‌నూ కాల్చవచ్చు. పగలంతా ఛార్జింగ్ బాగున్నా రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అవుతుంటే చెడిన డయోడ్ గుండా కరెంటు వెనక్కి కారుతోందేమో చూడాలి: బండి ఆపాక ఆల్టర్నేటర్ వెచ్చదనం గంటల తర్వాత కూడా తగ్గకపోవడం దానికి ఒక గుర్తు.