డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఆటోఫోకస్ లోపాలు: గుర్తింపు, పరిష్కారం

7.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఆటోఫోకస్ ఏ సూత్రంపై పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- ఫోటో మసకబారడానికి కారణం ఫోకస్ లోపమా, కెమెరా కదలికా అన్నది వేరుచేసి చెప్పగలుగుతారు.
- లోపాన్ని ఒక క్రమపద్ధతిలో వెతికి సరిదిద్దగలుగుతారు.
- కెమెరాను మరమ్మతుకు ఎప్పుడు పంపాలో నిర్ణయించగలుగుతారు.

7.1 పరిచయం

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో కొండగట్టు ఉంది. పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ క్షేత్రం 2016లో జరిగిన పునర్విభజన తరువాత జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. హనుమాన్ జయంతికి అంజన్న దర్శనం కోసం కాషాయ వస్త్రాలు ధరించిన దీక్షాపరులు వేల సంఖ్యలో ఇక్కడికి వస్తారు.

మీరు కెమెరాతో అక్కడ ఉన్నారనుకోండి. నలభై ఒక్క రోజుల దీక్ష పూర్తిచేసుకొని మాల విరమణకు వచ్చిన ఒక కుటుంబం తమను ఫోటో తీయమని మిమ్మల్ని అడిగింది. తెల్లవారుజాము, వెలుతురు తక్కువ, చుట్టూ జనం. మీరు షట్టర్ నొక్కారు. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే వెనుక ఉన్న స్తంభం స్పష్టంగా ఉంది, మనుషుల ముఖాలు మాత్రం మసకగా ఉన్నాయి. ఆ ఘడియ మళ్లీ రాదు. ఇటువంటి నష్టాలలో ఎక్కువ భాగం కెమెరా చెడిపోవడం వల్ల కాక, దాని పనితీరు మనకు తెలియకపోవడం వల్ల కలుగుతాయి. అందుచేత ముందుగా ఆ పనితీరును పరిశీలిద్దాం.

7.2 ఆటోఫోకస్ పనిచేసే విధానం

ఎస్ఎల్ఆర్ కెమెరాలలో ఆటోఫోకస్‌ను విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చినది 1985లో వచ్చిన మినోల్టా 7000. ఇందులో ఫోకస్ మోటారు కెమెరా లోపలే ఉండేది. 1987లో కెనాన్ సంస్థ తన ఈఎఫ్ లెన్సులలో మోటారును లెన్స్‌లోనే అమర్చింది. ఈ తేడా నేటికీ మీకు అవసరమైనదే. దీనిని 7.4లో చూస్తారు.

మీరు వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు లెన్స్ గుండా వచ్చిన కాంతిలో ఎక్కువ భాగం ప్రధాన అద్దంపై పడి పైకి, మీ కంటికి చేరుతుంది. కొంత భాగం ఆ అద్దం గుండా దూరి, దాని వెనుక ఉన్న చిన్న అద్దంపై పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు చేరుతుంది. లెన్స్‌లోని రెండు వైపుల నుంచి వచ్చిన ప్రతిబింబాలను ఈ సెన్సర్ పోల్చుతుంది. వాటి మధ్య ఎడం ఎంత ఉందో చూసి, లెన్స్‌ను ఏ దిశలో, ఎంత జరపాలో లెక్కిస్తుంది. దీనిని ఫేజ్ డిటెక్షన్ అంటారు. ఇది వేగవంతమైనది.

లైవ్ వ్యూలో అద్దం పైకి లేస్తుంది కాబట్టి ఈ సెన్సర్‌కు కాంతి అందదు. అప్పుడు నికాన్ డి3500, కెనాన్ 1500డి వంటి కెమెరాలు ఇమేజ్ సెన్సర్‌పై ఏర్పడిన ప్రతిబింబాన్నే చూస్తూ, అంచులు బాగా తేటపడేవరకు లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతాయి. దీనిని కాంట్రాస్ట్ డిటెక్షన్ అంటారు. ఇది నిదానంగా జరుగుతుంది. అయితే ఫోటో నమోదయ్యే చోటనే కొలత జరుగుతుంది కనుక కచ్చితంగా ఉంటుంది.

రెండు పద్ధతులకూ కావలసినవి రెండే: తగినంత వెలుతురు, స్పష్టమైన అంచు. సాదా గోడ, ఒకే రంగు వస్త్రం, పొగ, పొగమంచు వంటి వాటిపై ఏ కెమెరా అయినా తడబడుతుంది.

7.3 మొదట మసకను గుర్తించండి

ఫోటోను పూర్తి పరిమాణంలో చూసి, కింది వాటిలో అది ఏ రకమో నిర్ణయించండి.

అ) ఫోటో అంతటా గీతలు ఒకే దిశలో సాగినట్లుంటే చేయి కదిలింది. షట్టర్ వేగం పెంచండి. 55 ఎంఎం వద్ద కనీసం 1/80 సెకను ఉంచండి.
ఆ) నిలకడగా ఉన్నవి స్పష్టంగా ఉండి, నడిచే మనిషి మాత్రమే చెదిరితే అది వస్తువు కదలిక. 1/250 లేదా అంతకు మించిన వేగం వాడండి.
ఇ) మీరు కోరినది మసకగా ఉండి, దాని ముందో వెనుకో ఉన్నది స్పష్టంగా ఉంటే అది ఫోకస్ లోపం.
ఈ) ఫోటో బాగానే ఉండి, వ్యూఫైండర్‌లో మాత్రమే మసకగా కనిపిస్తే లోపం కెమెరాది కాదు. వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రాన్ని మీ చూపునకు తగినట్లు తిప్పండి.

మొదటి రెండు రకాలను ఫోకస్ లోపంగా పొరబడి కెమెరాను మరమ్మతుకు ఇవ్వడం వల్ల డబ్బు వృథా అవుతుంది. కనుక ఈ విభజనను తప్పక చేయండి.

7.4 ఫోకస్ అసలు కదలకపోతే

కింది క్రమంలో పరిశీలించండి. సులభమైనవి ముందు ఇవ్వబడ్డాయి.

1. లెన్స్‌పై మీట ఉంటే అది ఆటోఫోకస్ వైపు ఉందా? సంచిలో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు అది జరిగిపోవడం సాధారణం.
2. వస్తువు మరీ దగ్గరగా ఉందా? కిట్‌తో వచ్చే 18-55 లెన్సులు సాధారణంగా సుమారు 25 సెం.మీ. కంటే దగ్గరి వస్తువుపై ఫోకస్ చేయలేవు.
3. లెన్స్ సరిగా బిగిసిందా? కెమెరాను ఆపి, లెన్స్ విప్పి, దాని వెనుక ఉన్న లోహపు కాంటాక్ట్‌లను పొడి మెత్తని గుడ్డతో తుడిచి, టిక్కుమనేవరకు తిప్పి బిగించండి. ఈ పనిని దుమ్ము లేచే చోట చేయకండి.
4. లెన్స్‌లో మోటారు ఉందా? నికాన్ డి3500 వంటి ప్రారంభశ్రేణి కెమెరాలలో మోటారు ఉండదు. పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్‌ను వీటికి బిగిస్తే ఫోటో వస్తుంది కాని ఫోకస్‌ను చేతితోనే తిప్పాలి. తక్కువ ధరకు వస్తోందని పాత లెన్స్ కొనే ముందు ఈ విషయాన్ని సరిచూసుకోండి.

7.5 ఫోకస్ వేరే చోట పడితే

ఫోకస్ బిందువు: బిందువు ఎంపికను కెమెరాకే వదిలితే అది తరచుగా అన్నింటికన్నా దగ్గరగా ఉన్నదానిని పట్టుకుంటుంది. కొండగట్టుపై చెట్టు కొమ్మల మధ్య కూర్చున్న కోతిని తీయబోతే ముందున్న ఆకులపై ఫోకస్ పడుతుంది. ఒకే బిందువును ఎంచుకొని దానిని కోతి కంటిపై ఉంచండి.

బిందువు రకం: 1500డి కెమెరాలో తొమ్మిది బిందువులు ఉన్నప్పటికీ మధ్యది మాత్రమే నిలువు, అడ్డ గీతలు రెండింటినీ గుర్తిస్తుంది. మెట్ల అంచుల వంటి ఒకే దిశ గీతలపై పక్క బిందువులు విఫలం కావచ్చు. అప్పుడు మధ్య బిందువును వాడండి, లేదా కెమెరాను కాస్త వంచి ఫోకస్ చేయండి.

ఫోకస్ విధానం: నిలకడగా ఉన్నవారికి నికాన్‌లో ఏఎఫ్-ఎస్, కెనాన్‌లో వన్ షాట్ వాడండి. ఇవి సాధారణంగా ఫోకస్ కుదిరితేనే షట్టర్‌ను విడుదల చేస్తాయి. నడుస్తూ వచ్చేవారికి ఏఎఫ్-సి లేదా ఏఐ సర్వో వాడండి. ఇక్కడ ఫోకస్ కుదరకపోయినా షట్టర్ పడవచ్చు. కనుక షట్టర్ పడింది కాబట్టి ఫోకస్ కుదిరిందని భావించరాదు.

ఫోకస్ చేసి కెమెరాను తిప్పడం: 50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్/1.8 వద్ద 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా కనిపించే లోతు మొత్తం సుమారు 11 సెం.మీ. మాత్రమే. మధ్య బిందువుతో కంటిపై ఫోకస్ చేసి, తరువాత కెమెరాను పక్కకు తిప్పితే కన్ను ఆ పరిధి దాటిపోవచ్చు. కంటికి దగ్గరి బిందువును ఎంచుకోవడం, లేదా ఎఫ్/4 వరకు అపర్చర్ తగ్గించడం మేలు.

7.6 వెలుతురు, అంచు చాలనప్పుడు

తెల్లవారుజామున సాదా కాషాయ వస్త్రంపై బిందువును ఉంచితే లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. బిందువును మెడలోని మాల అంచుపైకి, నుదుటి సిందూరం అంచుపైకి లేదా కంటిపైకి మార్చండి. కర్పూరపు పొగ అడ్డువస్తే అది తొలగేవరకు ఆగండి.

జనం ఒకే దారిన వస్తున్నప్పుడు మరొక ఉపాయం ఉంది. వారు చేరబోయే మెట్టు అంచుపై ముందుగానే ఫోకస్ చేసి, లెన్స్‌ను మాన్యువల్‌కు మార్చి, వారు ఆ మెట్టుపైకి రాగానే షట్టర్ నొక్కండి. కెమెరా వెతుకులాటతో సమయం పోదు.

గమనిక: ఆలయం లోపల ఫోటోలు తీయడంపై ఉన్న నియమాలను పాటించండి. ఫోకస్ కోసం కొన్ని కెమెరాలు ఫ్లాష్‌ను మిణుకుమనిపిస్తాయి. భక్తులకు ఇబ్బంది కలిగే చోట దానిని ఆపివేయండి.

7.7 కెమెరాను పరీక్షించడం

పైవన్నీ సరిచూసిన తరువాత కూడా లోపం మిగిలితే ఇంట్లో ఈ పరీక్ష చేయండి. పగటి వెలుతురులో మూడు అగరబత్తీ పెట్టెలను పక్కపక్కనే, ఒకదానికంటే మరొకటి 5 సెం.మీ. వెనుకగా నిలబెట్టండి. కెమెరాను ట్రైపాడ్‌పై 2 మీటర్ల దూరంలో ఉంచి, అపర్చర్‌ను పూర్తిగా తెరచి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మధ్య పెట్టెపై వ్యూఫైండర్‌తో ఐదు ఫోటోలు, లైవ్ వ్యూతో ఐదు ఫోటోలు తీయండి. ప్రతిసారీ ముందుగా ఫోకస్‌ను చెదరగొట్టి, మళ్లీ కుదరనివ్వండి.

- లైవ్ వ్యూ ఫోటోలు స్పష్టంగా ఉండి, వ్యూఫైండర్ ఫోటోలన్నీ ఒకే వైపు తప్పితే ఫేజ్ డిటెక్షన్ అమరికలో తేడా ఉంది. కెనాన్ 80డి, నికాన్ డి7500 వంటి కెమెరాలలో దీనిని మెనూ ద్వారా సవరించవచ్చు. ఆ సదుపాయం లేని కెమెరాను సేవాకేంద్రానికి పంపాలి. అప్పటివరకు లైవ్ వ్యూ వాడండి.
- వ్యూఫైండర్ ఫోటోలు ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు తప్పితే మెనూ సవరణ పనిచేయదు. మరొక లెన్స్‌తో పరీక్షించండి. లోపం మాయమైతే అది మొదటి లెన్స్‌దే.
- రెండు రకాల ఫోటోలూ మసకగా ఉంటే ముందుగా లెన్స్ అద్దాన్ని శుభ్రం చేయండి. ఫలితం లేకపోతే లెన్స్‌ను పరీక్షకు ఇవ్వండి.

7.8 సారాంశం

ఆటోఫోకస్‌కు వెలుతురు, అంచు అవసరం. లోపం కనిపించినప్పుడు ముందు మసక రకాన్ని గుర్తించాలి. తరువాత మీట, దూరం, కాంటాక్ట్‌లు, మోటారు, బిందువు, విధానం అనే క్రమంలో వెతకాలి. చివరగా పరీక్ష చేయాలి. కీలకమైన ఫోటో తీసిన వెంటనే తెరపై పెద్దది చేసి కళ్లను చూడండి. ఆ కుటుంబం ఇంకా మీ ఎదుట ఉండగానే తప్పు తెలిస్తే మరొకసారి తీయవచ్చు.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. లైవ్ వ్యూలో ఫోకస్ నిదానంగా ఉన్నా కచ్చితంగా ఉండటానికి కారణం ఏమిటి?
2. ఏఎఫ్-సి విధానంలో షట్టర్ పడటం ఫోకస్‌కు రుజువు ఎందుకు కాదు?
3. అభ్యాసం: మీ ఊరి జాతరలో లేదా సంతలో ఇరవై ఫోటోలు తీయండి. మసకగా వచ్చినవాటిని 7.3లోని రకాలుగా విభజించి, ఏ రకం ఎక్కువగా ఉందో, దానికి కారణం ఏమిటో రాయండి.

జవాబులు: 1) ఫోటో నమోదయ్యే సెన్సర్‌పైనే కొలత జరుగుతుంది. 2) ఈ విధానంలో ఫోకస్ కుదరకముందే షట్టర్ విడుదల కావచ్చు.