చేపల తొట్టికీ తోడు కావాలి

పిల్లలు రంగు చేపలు కావాలని మారాం చేస్తారు. అద్దాల తొట్టి కొంటాం. ఆ రోజే నీళ్లు పోస్తాం. ఆ రోజే చేపల్ని వదులుతాం. వారం తిరక్కుండానే చేపలు చచ్చి తేలతాయి. "దిష్టి తగిలింది" అంటారు కొందరు. "అమ్మినవాడు మోసం చేశాడు" అంటారు ఇంకొందరు.

చాలాసార్లు అసలు కారణం నీళ్లే. అవి చూడ్డానికి తేటగానే ఉంటాయి. కానీ చేపలు బతకడానికి తయారై ఉండవు.

నీళ్లలో ఏం జరుగుతుంది?

చేపలు వదిలే వ్యర్థం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. పశువుల కొట్టంలో ముక్కుకు ఘాటుగా తగిలే వాసన అదే. అది చేపలకు విషం.

ఈ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఉన్నాయి. అవి మన కంటికి కనిపించవు. ఒక రకం జీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. రెండో రకం జీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపలకు హాని లేదు.

కొత్త తొట్టిలో ఈ జీవులు చాలినన్ని ఉండవు. పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. తొట్టిలో నీళ్లు "తోడుకోవడానికి" 4 నుంచి 6 వారాలు పడుతుంది.

తొట్టిని ఇలా తయారు చేయండి

1. తొట్టిని ఉత్త నీళ్లతో కడగండి. సబ్బు వాడకండి.

2. గట్టి బల్ల మీద పెట్టండి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 56 కిలోల బరువు!

3. గులకరాళ్లు బాగా కడిగి పరవండి. మన మార్కాపురం పలక రాయి కూడా పెట్టవచ్చు. ముందు దాని మీద నిమ్మరసం పిండండి. నురగ వస్తే రాయిలో సున్నం ఉన్నట్టు. అది వద్దు. అంచులు నున్నగా అరగదీయండి.

4. కుళాయి నీళ్లలో బ్లీచింగు పొడి కలుపుతారు. అందులోని క్లోరిన్ చేపల్ని, మంచి జీవుల్ని చంపుతుంది. నీళ్లను వెడల్పు గిన్నెల్లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచి, తర్వాత పోయండి. తాగడానికి కొనే క్యాను నీళ్లు వద్దు. వాటిలో చేపలకు కావలసిన లవణాలు చాలవు. సబ్బు నురగ రాని బోరు నీళ్లయితే గప్పీ, మోలీ చేపలు తట్టుకుంటాయి.

5. గాలి మోటారు, వడపోత స్పాంజి పెట్టి నడపండి. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. మంచి జీవులకు అదే తిండి.

6. తెలిసినవాళ్ల ఇంట్లో పాత తొట్టి ఉందా? చేపలు ఆరోగ్యంగా ఉన్నాయా? అయితే అందులోని గులకరాళ్లు గుప్పెడు తెచ్చి, తడి ఆరకముందే వేయండి. అదే తోడు. పని తొందరగా అవుతుంది.

చేపల్ని ఎప్పుడు వదలాలి?

రంగు చేపల దుకాణాల్లో నీళ్లు పరీక్షించే చుక్కల మందు దొరుకుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. మందు లేకపోతే 6 వారాలు పూర్తిగా ఆగండి. తర్వాత సగం నీళ్లు మార్చండి. మొదట రెండు మూడు చిన్న చేపల్నే వదలండి. మేత కొంచెమే వేయండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి.

మీరు చేయండి

పలక తీసుకోండి. నీళ్లు పోసిన తేదీ రాయండి. దానికి 42 రోజులు కలిపి ఇంకో తేదీ రాయండి. పలకను తొట్టి పక్కనే పెట్టండి. పిల్లలు రోజూ అడుగుతారు. ఆ తేదీని వాళ్ల చేతే చదివించండి.