నడకలో తేడా.. పాదానికి పీడ!

● ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. రెండూ కలిపితే 52. ఒంట్లోని 206 ఎముకల్లో పావువంతు పాదాల్లోనే ఉన్నాయన్నమాట.

● నడిచేటప్పుడు ముందుగా మడమ నేలకు ఆనుతుంది. ఆపైన బరువు పాదం బయటి అంచు మీదుగా ముందుకు జరుగుతుంది. చివర్లో బొటనవేలు నేలను వెనక్కి తన్నడంతో అడుగు పూర్తవుతుంది. ఈ వరుస తప్పితే ఆ బరువంతా మోయాల్సిన అవసరం లేని చోట పడుతుంది. చాలా పాదాల నొప్పులకు మూలం ఇక్కడే.

● పాత చెప్పుల్ని ఓసారి బోర్లించి చూడండి. మడమ కింద కాస్త బయటివైపు అరగడం మామూలే. లోపలి అంచు బాగా అరిగిందంటే పాదం లోపలికి ఒరుగుతున్నట్లు, బయటి అంచు పొడవునా అరిగిందంటే బయటికి ఒరుగుతున్నట్లు అనుకోవచ్చు. ఒక చెప్పు ఒకలా, రెండోది మరోలా అరిగితే కాళ్ల పొడవులో తేడా ఉందేమో చూపించుకోవాలి. అందుకే డాక్టర్ దగ్గరికి కొత్త చెప్పులతో కాదు, రోజూ తొడిగే పాతవాటితోనే వెళ్లాలి.

● స్నానం చేసొచ్చి గచ్చు మీద వేసిన తడి అడుగులో నడుమ భాగం లోపలివైపు ఖాళీగా కనిపిస్తే పాదానికి వంపు ఉన్నట్లే. పాదం మొత్తం అచ్చు పడితే చదును పాదం. పసిపిల్లల్లో ఇది సహజం. చాలామందికి ఐదారేళ్లు వచ్చేసరికి వంపు ఏర్పడుతుంది.

● చదును పాదాలున్న వారికి మడమ నొప్పి, పాదం లోపలివైపు నొప్పి రావచ్చు. వంపు మరీ ఎక్కువున్న వారికి చీలమండ తరచూ మడత పడుతుంది.

● పొద్దున్నే మంచం దిగి వేసే తొలి అడుగులోనే మడమ కింద పొడిచినట్లుంటే అది ప్లాంటర్ ఫేషియైటిస్ కావచ్చు. నాలుగు అడుగులు వేశాక సర్దుకోవడం దీని లక్షణం. పిక్క కండరాలు బిగుసుకుపోవడమూ ఒక కారణమే. అందుకే పిక్కల్ని సాగదీసే వ్యాయామాలు చేయిస్తారు.

● ఆనెకాయలు ఒత్తిడికి చర్మం ఇచ్చే జవాబు. బ్లేడుతో ఎన్నిసార్లు చెక్కినా, ఒత్తిడి తగ్గనంత కాలం మళ్లీ వస్తూనే ఉంటాయి. మధుమేహం ఉన్నవారు వాటిని సొంతంగా కోయడం, యాసిడ్ పట్టీలు వేయడం ప్రమాదం.

● మోకాలి బయటివైపు, చర్మానికి దగ్గరగా ఓ నరం వెళ్తుంది. చాలాసేపు గొంతుక్కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకున్నా అది నొక్కుకుపోవచ్చు. నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు. వేళ్లు నేలకు తగలకుండా మోకాలు ఎత్తెత్తి నడవాల్సి వస్తుంది.

● నొప్పి తెలిసే పాదం కుంటుతూనైనా దెబ్బ తగిలిన చోటును కాపాడుకుంటుంది. స్పర్శ పోయిన పాదం అలా కాదు. ప్రతి అడుగులోనూ అదే చోట బరువు మోపి, చివరికి పుండు తెచ్చుకుంటుంది. వెల్లూరు సీఎంసీలో కుష్ఠు రోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతిని వైద్యలోకానికి గట్టిగా చెప్పారు. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టారాయన.

● స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలకు వాడిన మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులనే ఇప్పుడు మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికీ రాస్తున్నారు. దుకాణాల్లో ‘ఎంసీఆర్ చెప్పులు’ అని అడిగితే ఇస్తారు. అవి బరువును పాదమంతా పంచుతాయి.

● ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడి బండల మీద ప్రదక్షిణలు చేసి, బొబ్బలెక్కిన సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియని మధుమేహులున్నారు. పొద్దున్నే వెళ్లడం మేలు.

● ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఓ సమాధిలో చెక్క, తోలుతో చేసిన కృత్రిమ బొటనవేలు దొరికింది. దాని వయసు 2,700 ఏళ్ల పైమాటే. వాడిన అరుగుదల దాని మీద కనిపిస్తోంది. బొటనవేలు లేకపోతే నడక ఎంత కష్టమో ఈజిప్టు వాళ్లకు అప్పుడే తెలుసు.

● చేతికర్రను నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టుకోవాలి.

● మధుమేహం ఉంటే రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి. చిన్న పుండు కనిపించినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా మర్నాడే డాక్టర్‌కు చూపించండి.