టైరు గాలికి కాపలా

మోటారు కారు ఎంత వేగం గలదైనా, ఎంత విలువైనదైనా, అది నేలను తాకేది సుమారు నాలుగు అరచేతులంత మేరలోనే. ఆ నాలుగు చోట్లా బండి బరువును ప్రధానంగా మోసేది రబ్బరు కాదు, రబ్బరులో బంధించిన గాలి. గాలి తగ్గిన టైరు పక్కగోడలు చక్రం తిరిగిన ప్రతిసారీ అతిగా వంగి మళ్ళీ లేస్తాయి. ఆ వంపులలో వ్యయమైన శక్తి వేడిగా మారుతుంది. వేడి పెరిగినకొద్దీ రబ్బరుకూ, లోపలి ఉక్కుతీగల పొరలకూ మధ్య పట్టు సడలుతుంది. రహదారిపై అతివేగంతో పోతున్న వేళ ఆ పొరలు విడిపోతే డ్రైవరు చేయగలిగింది చాలా స్వల్పం.

మన రహదారుల మీద లారీ డ్రైవర్లు దాబా దగ్గర బండి ఆపి, ఇనుపరాడ్డుతో ఒక్కొక్క టైరునూ కొట్టి, ఆ చప్పుడును బట్టి గాలి ఉన్నదో లేదో పసిగడతారు. అనుభవజ్ఞుల చెవికి ఆ శబ్దం చాలు. కాని కొన్ని కార్ల టైర్లు కంటికీ చెవికీ కూడా అందవు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, బౌలింగ్ గ్రీన్ కర్మాగారంలో తయారైన షెవ్రొలే కార్వెట్ ఐదవ తరం కారు ఇందుకు చక్కని ఉదాహరణ. 1997 నుండి 2004 నమూనా వరకు వెలువడిన ఈ రెండు తలుపుల స్పోర్ట్స్ కారుకు స్టెప్నీ లేదు, జాకీ లేదు. వాటికి బదులు పక్కగోడలు దళసరిగా ఉండే రన్ ఫ్లాట్ టైర్లను అమర్చారు. గాలి పూర్తిగా పోయినా ఆ గోడలే బండిని మోస్తాయి. గంటకు 90 కిలోమీటర్లు మించకుండా పరిమిత దూరం పోయి, మరమ్మతు చేసేవారిని చేరుకోవచ్చు. అయితే ఈ సుగుణంలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. ఖాళీ అయిన టైరు కూడా నిండు టైరు వలెనే కనిపిస్తుంది. డ్రైవరు ఏమీ ఎరుగక మునుపటి వేగంతోనే పోతాడు. అందువల్ల చక్రం లోపల కూర్చుని గాలిని గమనించే సెన్సర్ ఈ కారుకు అలంకారం కాదు, అవసరం. ఇటువంటి ఆలోచన భారతదేశానికి కూడా వచ్చింది. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ట్యూబులేని టైర్లతో పాటు పీడనాన్ని తెలిపే వ్యవస్థ, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు.

ఈ వ్యవస్థ అంతకు ముందే పుట్టింది. 1986లో వెలువడిన పోర్షే 959 కారులో చక్రాల గాలిని గమనించే ఏర్పాటు ఉండేది. చాలాకాలం అది సంపన్నుల కార్లకే పరిమితమైంది. దానిని సామాన్యుల కార్లలోకి తెచ్చినది ఒక విషాదం. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు అమర్చిన సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఆ టైర్ల పొరలు విడిపోయి వాహనాలు బోల్తా పడిన ఘటనలలో 271 మంది మరణించినట్లు అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలు తేల్చాయి. ఆ సంవత్సరం నవంబరులోనే అమెరికా ట్రెడ్ చట్టం చేసింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుండి అక్కడ తయారయ్యే తేలికపాటి వాహనాలన్నింటికీ ఈ హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి అయింది. నిర్దేశించిన పీడనంలో నాలుగవ వంతు తగ్గితే దీపం వెలగాలని నియమం.

కొన్ని కార్లు సెన్సర్ లేకుండానే ఈ పని చేస్తాయి. గాలి తగ్గిన చక్రం వ్యాసార్ధం కొద్దిగా తగ్గి, మిగిలిన వాటికంటె త్వరగా తిరుగుతుంది. బ్రేకుల వ్యవస్థ ఆ తేడాను పట్టుకుంటుంది. కార్వెట్ మార్గం ఇది కాదు.

కార్వెట్ చక్రాలలో వాల్వుకు లోపలివైపున ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది. అందులో సిలికాన్ పొర ఒకటి ఉంటుంది. గాలి ఒత్తిడికి ఆ పొర వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును ఒక చిప్పు పీడనంగా లెక్కగట్టి, తన సొంత గుర్తింపు సంఖ్యను జతచేసి రేడియో తరంగాలుగా పంపుతుంది. వీటన్నింటికీ శక్తినిచ్చేది ఒక లిథియం బ్యాటరీ. బండి ఆగి ఉన్నప్పుడు సెన్సర్ నిద్రావస్థలో ఉండి, చక్రం తిరిగినప్పుడు మేలుకొని పొదుపుగా సంకేతాలు పంపుతుంది. ఆ పొదుపు వల్లనే చిన్న బ్యాటరీ ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఈ డబ్బీ బరువు సుమారు 30 గ్రాములు. కారు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిపై పడే భారాన్ని భౌతికశాస్త్ర విద్యార్థి సులభంగా లెక్కించవచ్చు. టైరు వ్యాసార్ధం 0.326 మీటర్లు, వేగం సెకనుకు 50 మీటర్లు అనుకుంటే కోణీయ వేగం సెకనుకు 153 రేడియన్లు. రిమ్ములో సెన్సర్ ఉన్న చోట వ్యాసార్ధం 0.2 మీటర్లు. అక్కడి త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 480 రెట్లు. అంటే 30 గ్రాముల వస్తువు 14 కిలోల బరువు వలె ప్రవర్తిస్తుంది. ఇంత తాకిడిని తట్టుకోవడానికి లోపలి భాగాలను గట్టిపడే జిగురు పోసి మూసివేస్తారు. కాబట్టే బ్యాటరీ ఒక్కదానినే మార్చడం సాధ్యం కాదు. చేతి గడియారం వలె మూత తీసి కొత్త బ్యాటరీ వేయవచ్చునని ఆశించిన యజమానులకు నిరాశే మిగులుతుంది.

బ్యాటరీ ఆయువు వాడకాన్ని బట్టి 5 నుండి 10 సంవత్సరాలు. ఆ లెక్కన ఐదవ తరం కార్వెట్లలో కర్మాగారం అమర్చిన సెన్సర్ల ఆయువు ఏనాడో తీరిపోయింది. పాత కారు కొన్నవారికి డాష్‌బోర్డు మీద మొదట కనిపించేది తరచుగా ఈ హెచ్చరికే. దానిపై నల్లటేపు అతికించి తిరిగేవారు కూడా ఉన్నారు. అది తెలివితక్కువ పని. ఎందుకంటే, ఖరీదైన రన్ ఫ్లాట్ టైర్లు అరిగిపోయాక చాలామంది వాటి స్థానంలో మామూలు టైర్లు వేయించుకుంటారు. అప్పుడు ఆ కారుకు స్టెప్నీ ఉండదు, గాలి లేకుండా నడిచే టైరూ ఉండదు. మిగిలిన ఒక్క రక్షణా టేపు కిందికి పోతుంది.

హెచ్చరిక వెలిగిన వెంటనే సెన్సర్‌ను నిందించడం కూడా తొందరపాటే. మొదట చేయవలసినది ఒక మంచి గేజితో నాలుగు టైర్లనూ స్వయంగా కొలవడం. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్న తరువాత, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. కార్వెట్‌కు నిర్దేశించినది చదరపు అంగుళానికి 30 పౌన్లు. తెలుగునాట పంక్చర్ షాపులవారు 30 పాయింట్లు అనేది ఇదే. ఏ రంధ్రమూ లేకుండానే ఈ సంఖ్య తగ్గవచ్చు. ఘనపరిమాణం మారనప్పుడు వాయుపీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది కదా. అయితే గేజి చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్న భాగాన్ని మాత్రమే. కాబట్టి 30కి 14.7 కలిపి 44.7గా తీసుకోవాలి. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద నింపిన గాలి మైనస్ 3 డిగ్రీలకు చల్లబడితే, 300 కెల్విన్లు 270 అవుతాయి. 44.7 కాస్తా 40.2 అవుతుంది. గేజి 25.5 చూపుతుంది. శీతాకాలపు ఉదయాలలో అమెరికాలో ఈ దీపాలు వెలగడానికి ఇదొక ముఖ్య కారణం. అక్కడ కావలసినది కొత్త సెన్సర్ కాదు, కొంచెం గాలి.

గేజి సరిగా ఉన్నదని చెప్పినా హెచ్చరిక పోకపోతే, కారు తెరపై ఏ చక్రం అంకె కనిపించడంలేదో చూడాలి. ఒక్క చక్రమే మౌనంగా ఉంటే దోషం దాని సెన్సర్‌దే కావచ్చు. నాలుగూ ఒకేసారి మాయమైతే అనుమానం మరోచోటికి పోవాలి. నాలుగు బ్యాటరీలూ ఒకే రోజున చనిపోవడం అరుదు. ఈ కారులో తలుపుల రిమోటు సంకేతాలనూ, టైర్ల సంకేతాలనూ స్వీకరించేది ఒకే మాడ్యూలు. రిమోటు కూడా పనిచేయకపోతే ఫ్యూజును, ఆ మాడ్యూలును పరీక్షించాలి. సిగరెట్ లైటర్‌లో గుచ్చిన చౌక చార్జర్లు వెదజల్లే రేడియో రొద కూడా సెన్సర్ల మాటను మింగివేయవచ్చు. చార్జరు పీకి చూడటానికి ఖర్చేమీ లేదు. కాని చాలామంది ఆ పని చివరికి చేస్తారు.

ఒకటే పోయినప్పటికీ, అన్నీ ఒకే వయసువైతే నాలుగింటినీ కలిపి మార్చడం మేలు. ప్రతిసారీ టైరు విప్పి, బిగించి, బ్యాలెన్సింగ్ చేయించే కూలి సెన్సర్ ధరతో పోటీపడుతుంది. కొనేముందు కారు నమూనా సంవత్సరానికి తగిన భాగం సంఖ్యను సరిచూసుకోవాలి. అమెరికాలో ఇవి సాధారణంగా 315 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంపైనా, యూరప్‌లో 433పైనా పనిచేస్తాయి. ఒక భాష మాట్లాడేదానికి మరొక భాష వినేది తోడైతే ప్రయోజనం లేదు.

టైరు విప్పేవాని నేర్పు ఇక్కడ బయటపడుతుంది. టైరు అంచును రిమ్ము నుండి విడదీసే యంత్రం సరిగ్గా వాల్వు దగ్గర నొక్కితే సెన్సర్ పగిలిపోతుంది. అందుకే నొక్కు వాల్వుకు దూరంగా పడాలి. కొత్త సెన్సర్ బిగించేటప్పుడు రబ్బరు వాషరు, నట్టు కొత్తవే వేయాలి. నట్టును తయారీదారు చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించాలి. అల్యూమినియం గొట్టం అతి బిగువుకు విరుగుతుంది, చాలని బిగువుకు గాలి వదులుతుంది. వాల్వు లోపలి పిన్ను విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మామూలు ఇత్తడి పిన్ను అల్యూమినియం గొట్టంలో పెడితే, తడి, ఉప్పు చేరినప్పుడు ఆ రెండు లోహాలూ ఒక చిన్న విద్యుత్ ఘటంగా మారుతాయి. విద్యుద్రసాయన శ్రేణిలో ఎక్కువ చురుకైన అల్యూమినియం క్షయమవుతుంది. మంచు కరిగించడానికి రోడ్లపై ఉప్పు చల్లే దేశాలలో ఇది త్వరగా జరుగుతుంది. అందుకని నికెల్ పూత గల పిన్నునే వాడాలి. పైమూత కూడా ఇత్తడిది కాక ప్లాస్టిక్‌దైతే మంచిది. పంక్చర్ మూయడానికి టైరులోకి ఎక్కించే ద్రవాలు సెన్సర్ రంధ్రాన్ని కప్పివేసే అవకాశం ఉన్నందున వాటిని వాడినప్పుడు తరువాత శుభ్రపరచాలి.

ఇంత చేసినా కారుకు కొత్త సెన్సర్లు అపరిచితులే. వాటి గుర్తింపు సంఖ్యలను దానికి నేర్పాలి. కార్వెట్‌లో ఈ పని విచిత్రంగా ఒక అయస్కాంతంతో జరుగుతుంది. తెర మీద శిక్షణ స్థితిని ఎంచుకున్న తరువాత, బలమైన వలయాకార అయస్కాంతాన్ని ఎడమ ముందు చక్రపు వాల్వు మీద ఉంచాలి. అయస్కాంత క్షేత్రానికి సెన్సర్ మేలుకొని తన సంఖ్యను పంపుతుంది. కారు విన్నట్లు హారను మోగుతుంది. పిమ్మట కుడి ముందు, కుడి వెనుక, చివరకు ఎడమ వెనుక చక్రం. ఈ వరుస తప్పితే పేర్లు తారుమారవుతాయి. ముందు చక్రంలో గాలి పోతే కారు వెనుక చక్రాన్ని చూపుతుంది. నాలుగవ హారను వినిపించాక బండిని కొంతదూరం నడపాలి. చక్రాలు తిరిగి, సెన్సర్లు మేలుకొన్న తరువాత తెరమీద నాలుగు అంకెలూ ఒకదాని వెంట ఒకటి ప్రత్యక్షమవుతాయి. వాటిని మరుసటి ఉదయం, టైర్లు చల్లబడిన తరువాత, గేజి చెప్పే అంకెలతో ఒకసారి పోల్చి చూడాలి.