ఉప్పునీటి అక్వేరియంలో నాచు: మందు కొనేముందు అదేంటో చూడండి

పిల్లలు నీమో చేప కావాలని మారాం చేస్తే ముచ్చటపడి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టిస్తాం. వేలకు వేలు ఖర్చవుతుంది. కొన్ని వారాలు తిరక్కుండానే ఇసుకంతా గోధుమ రంగు, అద్దాల మీద జిగురు. షాపుకెళ్లి అడిగితే భాయ్ ఓ సీసా చేతిలో పెడతాడు. అది పోసినా చాలాసార్లు తగ్గదు. ఎందుకంటే మనం నాచు అనే పేరుతో పిలిచేవన్నీ ఒకటి కావు. కొన్నయితే అసలు నాచే కాదు.

కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో పొడిలా పరుచుకునే గోధుమ రంగు పొర డయాటమ్‌లది. నీళ్లలో, ఇసుకలో ఉన్న సిలికా వాటికి ఆహారం. తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది, కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది. కంగారు పడక్కర్లేదు.

ఎర్రగా, ఊదాగా దుప్పటిలా కప్పేసి, లాగితే పొరలు పొరలుగా ఊడి వచ్చేది సయానోబాక్టీరియా. పేరులోనే ఉంది, అది బాక్టీరియా. నీళ్లు కదలని మూలల్లో ఎక్కువ. పైపుతో పీల్చేసి, పంపును ఆ మూలకు తిప్పండి. దీనికి యాంటీబయాటిక్ పోసేవాళ్లున్నారు కానీ, చేపల వ్యర్థాలను శుద్ధి చేసే మంచి బాక్టీరియాకూ దానితో ముప్పే.

అసలు తలనొప్పి డైనోఫ్లాజెల్లేట్లు. గోధుమ రంగులో చీమిడిలా సాగుతూ, మధ్యమధ్య గాలిబుడగలతో ఉంటాయి. రాత్రికి తగ్గినట్టు కనిపించి, లైటు వేశాక మళ్లీ పెరుగుతాయి. వీటిలో కొన్ని రకాలు విషపూరితం, నత్తలు చచ్చిపోతాయి. అనుమానం ఉంటే కొంచెం జిగురు సీసాలో తీసుకుని బాగా గిలక్కొట్టండి. కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి, కిందికి దిగిన నీళ్లను గంటసేపు వెలుతురులో పెట్టండి. మళ్లీ తీగలుగా ముద్ద కట్టిందంటే దాదాపు ఇవే.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ట్యాంకు మురికిగా ఉందనుకుని నీళ్లు మార్చీ మార్చీ, ఫాస్ఫేట్ తీసేసే మందు వేసీ ఇంకా పెంచుకుంటారు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లోనే డైనోలు ఎక్కువగా రాజ్యమేలుతాయి. అందుకే ఆ మందు ఆపేయాలి, మేత కొంచెం పెంచాలి. నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దాపుకు వస్తే పోటీ జీవులు పెరిగి వీటిని అణుస్తాయి. టెస్ట్ కిట్ లేకుండా ఈ పని చేయకండి.

పచ్చటి జుట్టులా పెరిగే నాచుది దీనికి రివర్స్ కథ. మేత ఎక్కువ, లైటు ఎక్కువ, నీళ్లు మంచివి కావు. బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా పోస్తే ఎన్ని మందులు వేసినా వృథా. ఆర్వో తర్వాత డీఐ ఫిల్టర్ కూడా దాటి, టీడీఎస్ మీటరు సున్నా చూపిన నీళ్లలోనే ఉప్పు కలపాలి. ఇంట్లో తాగడానికి వాడే ఆర్వో సరిపోదు. ఫ్రోజెన్ మేతను కరిగించి, ఆ నీళ్లు పారబోసి వేయండి. లైటు 8 గంటలు చాలు. చేత్తో పీకగలిగినంత పీకేశాకే టర్బో నత్తల్ని వదలండి, పొడుగు నాచును అవి అంతగా ముట్టవు. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. లెక్క చూడండి: నైట్రేట్ 40 ఉంటే, 20 శాతం నీళ్లు మార్చినా ఇంకా 32 మిగులుతుంది.

పచ్చటి గోళీల్లాంటి బుడగ నాచును మాత్రం ట్యాంకులో చిదమకండి. రాయి బయటికి తీసి, బుడగ మొత్తంగా ఊడదీయండి.

ఇంకో మాట, ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించింది. నాచు పోవాలని రాళ్లను ఉడకబెట్టడం, వేడినీళ్లు పోసి రుద్దడం చేయొద్దు. వాటి మీద పాలిథోవా అనే పూల్లాంటి జీవులుంటే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో గాల్లో కలుస్తుంది. ఇలా చేసి ఇంట్లో వాళ్లంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని ఆ పక్కకు రానివ్వకండి.