స్త్రీలకేది తగిన వాహనము?

ఆమదాలవలసలో రైలు దిగిన క్రొత్తవారు మొదట తికమకపడుట కలదు. ఊరి పేరు ఆమదాలవలస. స్టేషను పలకమీది పేరు శ్రీకాకుళం రోడ్. ఆ ‘రోడ్’ అను మాట ఊరక చేర్చినది కాదు. జిల్లాకు ముఖ్యపట్టణమైన శ్రీకాకుళమునకు రైలు లేదు. ఇచట దిగినవారు మరి సుమారు 13 కిలోమీటర్ల దారి పోవలసియుండును. ఎంత దూరమునుండి వచ్చినను, రైలు దింపిన చోటికిని మన గడపకును నడుమ ఎప్పుడును కొంత దారి మిగిలియేయుండును. ఆ మిగిలిన దారినిగూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

ఈ మిగిలిన దారి పురుషునకొక తీరు, స్త్రీకొక తీరు. పురుషుడు మోటారు సైకిలెక్కి పోవును. స్త్రీయో, భర్తకు తీరిక యగువరకు, లేదా కొడుకునకు దయ కలుగువరకు, అదియు లేనిచో ఆటో నిండువరకు కాచుకొనియుండును. బ్యాంకిలో గడియ పనికి పూట గడచిపోవును. ఆసుపత్రికి రేపు పోదములెమ్మని వాయిదా పడును. 2025 ఆగస్టు 15 మొదలు ఆంధ్రప్రదేశమున పల్లెవెలుగు మొదలగు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ మేర్పడుటచే పెద్దదారి భారము కొంత తీరినది. కాని బస్సు ఇంటిముంగిటికి రాదు గదా! అది నిలుచు చోటికి పోవు రెండుమూడు కిలోమీటర్ల చిన్నదారి మిగిలియేయున్నది. దీనికి సైకిలు మేలా, ఇప్పుడు వీథివీథిని కనబడు బ్యాటరీ బండి మేలా యని సోదరీమణులు పలువురు ప్రశ్నించుచున్నారు.

క్రొత్త వస్తువును చూచి మురియుటకు ముందు ఒక కథ వినుట మంచిది. 2001 డిసెంబరులో అమెరికాలో డీన్ కేమన్ అను నాతడు ‘సెగ్వే’ యను విద్యుత్తు బండిని లోకమునకు చూపెను. దానికి ప్రక్కప్రక్కన రెండు చక్రములు, నడుమ నిలువబడుటకొక పీట, పట్టుకొనుటకొక పిడి. మనిషి ముందునకు వంగినచో అది ముందునకు పోవును. వెనుకకు వ్రాలినచో నిలుచును. పడిపోకుండ తన్ను తానే సరిచూచుకొనును. ఇక పట్టణముల రూపమే మారిపోవునని ఆనాడు కొందరు తలచిరి. కాని దాని వెల సుమారు 5,000 డాలర్లు. బరువు 35 కిలోలకు పైమాట. మెట్లెక్కింపవలెనన్న ఇద్దరు మనుష్యులు కావలెను. కాలిబాటపై నడపుటయా, రోడ్డుపై నడపుటయా యను తగవు ఎడతెగలేదు. తుదకది పోలీసులకును విహారయాత్రికులకును మాత్రమే యుపయోగపడి, 2020లో తయారగుట మానినది. వింత వేరు, వాడుక వేరు అని దీనివలన తెలియుచున్నది.

సైకిలు సంగతి యట్లు గాదు. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ చేసిన సైకిలు రూపమే కొలది మార్పులతో నేటికిని నిలిచియున్నది. నడకకు పట్టు శ్రమతోనే దానిపై సుమారు మూడింతల దూరము పోవచ్చును. స్త్రీల సైకిలునకు నడిమి కమ్మి వంచియుండుటచే చీరతోనైనను పరికిణీతోనైనను ఎక్కవచ్చును. గొలుసునకు మూత మాత్రము తప్పక యుండవలెను. పైటకొంగును ఓణీయు నడుమున బిగించి దోపుకొనవలెను. టైరునకు పంచరు పడినచో ఏ పల్లెలోనైనను బాగుచేయువాడు దొరకును.

దీని ఫలము ఆడుపిల్లల చదువునందు కనబడినది. బీహారు రాష్ట్రమున 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకము మొదలయ్యెను. తరువాత ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలింపగా, ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి సుమారు 30 వంతులు హెచ్చినట్లు తేలినది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరముగా నున్న పల్లెలలోనే ఈ మేలు ఎక్కువగా కనబడినది. అనగా ఆ పిల్లలకు చదువుమీద ఆసక్తి లేకపోలేదు. దారియే అడ్డుగా నుండెను. మన రాష్ట్రమునందును ‘బడికొస్తా’ యను పేర తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచిరి.

అయినను, ఇంటికి వచ్చిన సైకిలు ఎవరిదగును? మేమెరిగిన యొక కుటుంబము ఆమదాలవలస పొలిమేరలో నున్నది. కూతురునకు వచ్చిన సైకిలును తెల్లవారకమునుపే అన్న పాలకేనులు తగిలించుకొని తీసికొనిపోవుచుండెను. పిల్ల యెప్పటివలెనే కాలినడకను బడికి పోయి, ఆలస్యమైనదని మాటలు పడుచుండెను. ఒకనాడు తల్లి ఆ బండికి తాళము వేసి, తాళపుచెవిని కూతురి పుస్తకముల సంచిలో వేసెను. కొడుకు కోపగింపగా ఆమె, “అది చెల్లి బండిరా. కావాలంటే చెల్లినడుగు” అని మాత్రమనెను. తరువాత అతడు చెల్లెలి నడిగియే తీసికొనుచు, బడివేళకు తెచ్చి యిచ్చుచున్నాడు. ఆ సైకిలు నిజముగా ఆ పిల్లది యైనది ఆనాడే.

బ్యాటరీ బండిని మేము నిరాకరించుట లేదు. మోకాళ్ల నొప్పులతో బాధపడు పెద్దవారికిని, కూరగాయల గంపయో కుట్టుబట్టల మూటయో మోయువారికిని, బస్సు లేని దూరపు దారి పోవువారికిని అది గొప్ప యుపకారి. గంటకు 25 కిలోమీటర్ల వేగమునకును, 250 వాట్ల శక్తికిని లోబడిన చిన్నబండికి లైసెన్సుగాని రిజిస్ట్రేషనుగాని యక్కరలేదు. అంతకు మించినవానికి రెండును కావలెను; హెల్మెటును కావలెను. పెద్ద స్కూటరైనను ఒక యూనిటు కరెంటుతో సుమారు 30 కిలోమీటర్లు పోగలదు గనుక నడపుటకయ్యెడు ఖర్చు స్వల్పము. కాని మొదటి వెల సైకిలు వెలకు అనేక రెట్లు. కొన్నియేండ్లకు బ్యాటరీ బలము తగ్గి మరల పెద్దమొత్తము పెట్టవలసివచ్చును. నిలువబడి నడపు చిన్నచక్రముల బండ్లు మన గతుకుల దారులకు పనికిరావు; పెద్దచక్రము దాటిపోవు గుంటలో చిన్నచక్రము దిగబడును.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినప్పుడు విద్యుత్ స్తంభములు వేలకొలది కూలి, జిల్లాలో అనేక గ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. అట్టి సమయమున బ్యాటరీ బండి మూలబడును. సైకిలు మందులకును పాలకును పోయి రాగలదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి గృహిణులు మరువరాదు. 2022 ఏప్రిలులో నిజామాబాదునందును విజయవాడయందును ఇండ్లలోపల ఛార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుష్యులు మరణించిరి. పిమ్మట ఆ యేటి డిసెంబరు మొదలు బ్యాటరీల భద్రతకు కఠినతరమైన నియమములు వచ్చినవి. అయినను జాగ్రత్త మన చేతిలోనే యున్నది. పడకగదిలోగాని, వంటింటిలోగాని, వాకిలికి అడ్డముగాగాని బ్యాటరీని ఛార్జింగునకు పెట్టకుడు. గాలి వచ్చు వసారాలో, పిల్లలకు దూరముగా, మెలకువగా నున్నవేళ పెట్టుడు. బండితో వచ్చిన ఛార్జరునే వాడుడు. ఉబ్బినదియు నీట మునిగినదియు నగు బ్యాటరీని తాకక, నిపుణునకు చూపుడు.

కావున మా యభిప్రాయమిది: చదువుకొను పిల్లలకును, ఆరోగ్యవతులకును, చిన్నదారికి సైకిలే మేలు. వయసు మీరినవారికిని, బరువుతో దూరము పోవువారికిని బ్యాటరీ బండి తగును. “ఈ వయసున సైకిలెక్కిన నలుగురు నవ్వరా?” యని కొందరు సంకోచింతురు. తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. కూలికి పోవు తల్లులును వారిలో నుండిరి. మొదట నవ్విన ఊళ్లే తరువాత అలవాటుపడినవి. సాయంకాలమున బడి మైదానమున వారముదినములు అభ్యసించినచో నలువది యేండ్ల స్త్రీకైనను సైకిలు పట్టుబడును.

వాహనమేదైనను సరే, కొనునపుడు వేగమును, రంగును, వెలను విచారించినట్లే మరియొక ప్రశ్నయు వేసికొనుడు: దీని తాళపుచెవి ఎవరి కొంగున నుండును? మన కొంగుననే యుండినచో పాత సైకిలైనను మనలను గమ్యమునకు చేర్చును. లేనిచో లక్షరూపాయల బండి ముంగిట నిలిచియున్నను, మనము కాచుకొని కూర్చుండవలసినదే.